కఫ పరీక్ష – క్షయ నివారణ

క్షయ అను మాట వినబడినంతనే మన ఇండ్లలో కంఠస్వరములు తగ్గును. ఇంట ఒకరికి నెల దినములుగా దగ్గు వదలకున్నను, అది చుట్ట దగ్గనియో, మిల్లులోని ఊక దుమ్ము పడలేదనియో, ముసురుకు పట్టిన పడిశమనియో సరిపెట్టుకొందుము. పెండ్లి కావలసిన పిల్ల యున్న ఇల్లైనచో, ఆ దగ్గు వీధి గడప దాటి వినబడకుండ జాగ్రత్త పడుదుము. అది క్షయ కాకపోవచ్చును, కావచ్చును. కృష్ణలంకలోనైనను, దివిసీమలోనైనను దానిని తేల్చవలసినది మన ఊహ కాదు, కఫ పరీక్ష.

క్షయకు కారణము ఒక సూక్ష్మజీవి యని 1882 మార్చి 24వ తేదీన బెర్లిను నగరములో రాబర్టు కోక్ అను వైద్యుడు ప్రకటించెను. అంతకుముందు ఇది వంశపారంపర్యముగా వచ్చు రోగమని యూరపులోను పలువురు నమ్మియుండిరి. మనలో కొందరిని ఆ నమ్మకము నేటికిని వదలలేదు. తండ్రికి వచ్చినది కొడుకునకు వచ్చినచో అందులకు కారణము రక్తసంబంధము కాదు. ఇరువురును ఒకే గదిలో ఒకే గాలి పీల్చుటయే.

ఈ క్రిమి దేహముపై మైనము వంటి పొర కలదు. సామాన్యమైన రంగులు దాని కంటవు. అందుచేత ప్రయోగశాలలో కఫమును గాజుపలకపై పలుచగా పూసి, ఎర్రని రంగు పోసి వేడిచేయుదురు. పిదప ఆమ్లముతో కడుగుదురు. తక్కినవన్నియు ఆ రంగును విడుచును; క్షయ క్రిమి మాత్రము విడువదు. ఆ మీదట నీలిరంగు వేసి సూక్ష్మదర్శినిలో చూచినచో, నీలపు నేలపై సన్నని ఎర్రని పుల్లలవలె కనిపించును. నూరేండ్లకు పైబడిన ఈ పద్ధతికి ఖర్చు తక్కువ. కాని మిల్లీలీటరు కఫములో ఇంచుమించు పదివేల క్రిములున్నగాని అవి కంట బడవు. కావున పలకపై కనబడనంత మాత్రమున రోగము లేదని నిశ్చయింపరాదు.

క్రిములను పెంచి చూచు పద్ధతి మరియొకటి కలదు. అది నమ్మదగినదే గాని ఓపిక కావలెను. రాత్రి తోడుపెట్టిన పాలు తెల్లవారుసరికి పెరుగగును. పెరుగు క్రిములు అంత వేగముగ వృద్ధి పొందును. క్షయ క్రిమి ఒకటి రెండగుటకే ఇంచుమించు ఒక దినము పట్టును. అందువలన ఈ పరీక్షకు వారముల కాలము కావలెను. నేడు సీబీనాట్, గోవాలో తయారగు ట్రూనాట్ అను యంత్రములు క్రిమి యొక్క జన్యు పదార్థమునే పట్టి, కొద్ది గంటలలో ఫలితము నిచ్చుచున్నవి. రిఫాంపిసిన్ అను ముఖ్యమైన మందు దానిపై పనిచేయునో లేదో కూడ తెలుపుచున్నవి. ప్రభుత్వాసుపత్రులలో ఈ పరీక్షలు ఉచితము.

అయితే ఎంతటి యంత్రమైనను మనమిచ్చిన దానినే గదా పరీక్షించును! ఉమ్మి వేరు, కఫము వేరు. తెల్లవారి లేచి నోరు నీటితో పుక్కిలించి, ఆరుబయట నిలిచి, రెండు మూడు మారులు గుండెనిండ గాలి పీల్చి, లోతునుండి దగ్గి తెచ్చిన చిక్కని కళ్లెయే పనికివచ్చును. సిగ్గుపడి డబ్బాలో నాలుగు చుక్కల ఉమ్మి వేసి వచ్చువారికి రోగమున్నను లేదని ఫలితము రావచ్చును. రెండు వారములు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట, కఫములో రక్తపు జీర – వీనిలో ఏది యున్నను ఆలస్యము తగదు.

కఫమిచ్చుటకు జనులు వెనుదీయుటకు కారణము పరీక్ష కాదు. పిదప ఏమగునో యను భయము. పూర్వము ఆ భయమునకు ఆధారము లేకపోలేదు. కృష్ణకు ఆవలనున్న మంగళగిరిలో క్షయ శానిటోరియము ఉండెడిది. నేడా స్థలములో ఎయిమ్స్ వెలసినది. మదనపల్లె చేరువ ఆరోగ్యవరము మరింత ప్రసిద్ధము. క్షయ యనగా ఇల్లు విడిచి నెలల తరబడి అట్టిచోట ఉండుటయే యని లోకమెరిగినది. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన ఈ తలంపును మార్చెను. పేద రోగులను రెండు భాగములు చేసి, కొందరిని శానిటోరియములోను, కొందరిని ఇరుకిండ్లలోనే యుంచియు, ఒకే మందులను ఒక సంవత్సరము ఇచ్చిరి. 1959లో ఫలితములు వెలువడెను. ఇంటనున్నవారును దాదాపు అంత బాగుగనే కోలుకొనిరి. వారితో కలిసియున్న కుటుంబీకులకు అందువలన రోగము హెచ్చుగా సోకలేదు. మందు మొదలైన పిదప రోగి వెదజల్లు క్రిములు త్వరగా తగ్గిపోవును. ప్రమాదమంతయు రోగము తెలియక, మందు లేక దగ్గుచున్న కాలములోనే. అనగా మనము దాచిపెట్టు ఆ నెలలే ఇంటివారికి అపాయకరములు.

కంచము, మంచము వేరుచేయు ఆచారమును గూర్చి ఒక మాట. ఈ రోగము కంచము వలన రాదు. ఇల్లాలికి విడిగా సత్తుకంచము పెట్టి, అదే గదిలో కిటికీలన్నియు మూసి పిల్లలను పండబెట్టుట వలన ప్రయోజనమేమి? కిటికీ తెరచుట, దగ్గునపుడు నోటికి గుడ్డ అడ్డుపెట్టుకొనుట మేలు.

సామాన్యమైన క్షయకు ఆరు నెలల మందు చాలును. రెండవ నెలలోనే ఆకలి పుట్టి, ఒళ్లు కుదుటబడి, నయమైనదని మందు మానివేయువారు కలరు. మిగిలిన క్రిములు మందులకు లొంగనివిగా మారుట కిదియే త్రోవ. ఆహారమును మందుతో సమానమే. జార్ఖండులో జరిగి 2023లో వెలువడిన ఒక పరిశోధనలో, రోగి కుటుంబమునకు పోషకాహారము అందించినపుడు ఇంటివారిలో క్రొత్తగా క్షయ పుట్టుట నూటికి 39 వంతులు తగ్గెను. వరి పుష్కలముగ పండు మన డెల్టాలోను కూలివాని కంచములో పప్పు పలుచనే. చికిత్స పొందువారికి ప్రభుత్వమిచ్చు పోషణ సహాయము 2024 నవంబరు నుండి నెలకు 1000 రూపాయలైనది. అది గ్రుడ్లకు, పప్పునకు, పాలకు వినియోగపడవలెను.

రోగి ఇంటిలోని తక్కినవారు, ముఖ్యముగా ఐదేండ్లలోపు పిల్లలు, వెంటనే పరీక్ష చేయించుకొనవలెను. రోగము లేదని తేలినవారికి అది రాకుండ మందులు కలవు. వారమున కొక మారు చొప్పున పన్నెండు వారములు వాడు మాత్రలును వచ్చినవి. ఎవరికేది తగునో వైద్యుడు నిర్ణయించును. వారమున కొక మారు గనుక మరచుట సులభము; గోడమీది కాలెండరులో ఆ దినమును గుర్తుపెట్టుకొనుడు. మాత్ర వేసికొనిన పిదప మూత్రము ఎర్రబడినచో భయపడకుడు. అది మందు రంగు.