దేవత రంగు ఎవరు చెప్పారు?

(పార్వతీపురం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సరస్వతి బొమ్మ వెయ్యమంటే మా బడిపిల్లలంతా ఒకే రంగు ముక్క కోసం కొట్టుకుంటారు. దాన్ని 'స్కిన్ కలర్' అంటారట. లేత గులాబీ. మన పేటలన్నీ గాలించినా ఆ రంగు చర్మం ఒక్కటి దొరకదు. పిల్లల్ని ఏమనగలం? చిన్నప్పుడు మేమూ అదే వేశాం.

ఆ రంగు ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1894లో రవివర్మ బొంబాయిలో అచ్చు ప్రెస్సు పెట్టాడు. ఆయన లక్ష్మి, సరస్వతి ఊరూరా చేరారు. తెల్లని ఒళ్లు, పట్టుచీర, నగలు. గుడి గడప తొక్కనివ్వని మన తాతలకి దేవుడి మొహం చూపించింది ఆ కాగితమే, ఒప్పుకోవాలి. 1930లో నాసిక్ కాలారాం గుడి ముందు అంబేడ్కర్ గారి వెంట వేలమంది నిలబడినా తలుపు తియ్యలేదు. కాగితం దేవుడు మాత్రం గుడిసెలోకి వచ్చాడు. వస్తూ వస్తూ మన నలుపు అందం కాదని కూడా చెప్పి కూచున్నాడు.

ఇక ఎం.ఎఫ్. హుస్సేన్ సంగతి. 1970లలో సరస్వతిని బట్టల్లేకుండా గీతల్లో గీశాడు. చాలా ఏళ్లు ఎవరికీ పట్టలేదు. 1996లో ఒక పత్రిక దాన్ని అచ్చేసి రెచ్చగొట్టింది. కేసులు పెట్టారు, 1998లో ముంబై ఇంటిమీద పడ్డారు. 1999లో హైదరాబాదులో సినిమా ఘర్ కట్టుకున్న మనిషి 2006లో దేశం విడిచాడు. 2008లో ఢిల్లీ హైకోర్టు కేసులు కొట్టేసింది. అయినా 2011లో లండన్‌లోనే పోయాడు. ఆ బొమ్మ మనకి నచ్చాలని లేదు, మాలోనే చాలామందికి నచ్చలేదు. కానీ దేవత పేరు చెప్పి దళిత ఆడపిల్లల్ని జోగినుల్ని చేస్తే, దాన్ని ఆపడానికి 1988లో చట్టం తేవలసి వస్తే, అప్పుడెందుకు ఈ మనోభావాలు దెబ్బతినలేదు? కాగితం మీద గీతకున్న మానం మన పిల్లకి లేదా?

మన కొండ వైపు చూడండి. సవరలు ఎర్రమట్టి గోడమీద బియ్యప్పిండితో బొమ్మలు వేస్తారు. పుల్లల్లాంటి మనుషులు, చెట్లు, జంతువులు. చనిపోయిన పెద్దలకోసం, జబ్బు నయం కావాలని, పంట పండాలని. తెల్లమొహం లేదు, నగల్లేవు. ఒడిశా కొండల సవరల గోడల మీద సైకిలూ విమానమూ కూడా ఉన్నాయని ఎల్విన్ దొర ఎప్పుడో రాశాడు. ఆధునిక కళ అంటే పట్నంలోనే పుట్టాలా! ఇప్పుడవే బొమ్మలు గుడ్డమీద వేసి అమ్ముతున్నారు. గోడమీద అది మొక్కు, దుకాణంలో డిజైను. నాలుగు డబ్బులొస్తే వద్దనం, వేసిన చేతికి వస్తున్నాయా అనే అడుగుతాం.

ఏప్రిల్ 14కి పేట గోడలమీద పిల్లలతో బొమ్మలు వేయిద్దాం. సవర బొమ్మ వెయ్యాలంటే ముందు సవర పెద్దల్ని అడగాలి. దేవతని వేస్తామంటే వెయ్యనివ్వండి, మొహం మాత్రం వాళ్లమ్మది చూసి వెయ్యమనండి. కుంచెలు మేం తెస్తాం. బొగ్గూ ఎర్రమట్టీ మీరు తెండి.