షిప్పులో రాత్రి భోజనానికి ఏం కట్టుకోవాలె?

(సమాఖ్య వార్షికోత్సవ సభల్లో భాగంగా జరిగిన మహిళా సమావేశంలో షోలాపూర్ నుంచి వచ్చిన ఒక సోదరి చేసిన ప్రసంగ పాఠం)

భివండి నుంచి, బరంపురం నుంచి, సేలం నుంచి, ఇళకల్ వైపు నుంచి, యానాం నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చినవాళ్ళు ఇక్కడ ఉన్నారు. నేను షోలాపూర్ బిడ్డను. చదివింది మరాఠీ బడిలో. తెలుగు రాయడం మా అవ్వ పలక మీద దిద్దిస్తే వచ్చింది. మాటల్లో మరాఠీ దొర్లితే మీ చెల్లెలే అనుకొని మన్నించండి.

నాకు ఇచ్చిన అంశం వినగానే కొందరు నవ్వారు. "మనకు షిప్పు ఎక్కడిదమ్మా, బీడీల చాట ఎక్కడ, సముద్రం మీద విందు ఎక్కడ" అని పక్కనున్న పెద్దమ్మ అననే అన్నది. నిజమే. మా ఇంట్లో కూడా మొన్నటిదాకా ఎవరూ షిప్పు ఎక్కలేదు. కానీ ఇప్పుడు పిల్లలు ఉద్యోగాల్లో పడ్డారు, తల్లిదండ్రులను తీసుకుపోవాలని వాళ్ళకూ ఉంటుంది. ఇవాళ మా ఇల్లు, రేపు మీ ఇల్లు. షిప్పు కాకపోతే పిల్లవాని ఆఫీసు విందు, కాకపోతే పెద్ద హోటల్లో పెళ్ళి రిసెప్షన్. ఎక్కడైనా ప్రశ్న ఒక్కటే. అందుకే మా ఇంట్లో జరిగింది జరిగినట్టు చెప్తాను. అందులో తప్పు నాదే.

మా అత్తమ్మ, మామయ్యల పెళ్ళై 50 ఏళ్ళు నిండాయి. పుణెలో ఉండే మా మరిది ముంబయి నుంచి గోవా దాకా పోయి వచ్చే షిప్పులో మూడు రాత్రులకు టికెట్లు తీశాడు. అత్తమ్మ, మామయ్య, మేమిద్దరం, మరిది, తోటికోడలు, వాళ్ళ పదేళ్ళ పాప. మొత్తం ఏడుగురం. టికెట్లతో పాటు ఫోనుకు ఒక కాగితం వచ్చింది. మొదటి రాత్రి స్మార్ట్ క్యాజువల్, రెండో రాత్రి ఫార్మల్, మూడో రాత్రి తెల్ల బట్టలు అని అందులో ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకేదో పెద్దగా రాసి ఉంది. నేను చదవలేదు. చదివినా సగం అర్థమయ్యేది కాదు. ఫార్మల్ అంటే సూటు, గౌను అని మా తోటికోడలు చెప్పింది. ఇద్దరం ఫోనులోనే గౌన్లు తెప్పించుకున్నాం. మగవాళ్ళిద్దరూ కోట్లు కుట్టించుకున్నారు.

ఇక మామయ్య. ఆయన జీవితమంతా పవర్‌లూమ్ షెడ్డులో జకార్డ్ చద్దర్లు నేసినవారు. షెడ్డులో ఉన్నప్పుడు బనియన్, లుంగీ. బయటికి వస్తే తెల్ల పంచె, తెల్ల చొక్కా, తెల్ల టోపీ. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి ఇంకొక వేషంలో ఆయన్ని చూడలేదు. నేనే దుకాణానికి పోయి ఆయన కొలతకు ఒక ప్యాంటు తెచ్చి ముందర పెట్టాను.

"మామయ్యా, షిప్పుల పంచె నడవదంట."

"ఎవరన్నరు?"

"వాళ్ళ రూలంట."

ఆయన ప్యాంటును చేతిలోకి తీసుకున్నారు. అంచు మడతను బొటనవేలితో రుద్ది చూశారు. ఏమీ అనలేదు. ఒప్పుకున్నారనే నేను అనుకున్నాను.

రాత్రి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పొద్దున ముంబయిలో దిగాం. మధ్యాహ్నం షిప్పు ఎక్కాం. సాయంత్రం అందరం తయారయ్యాం. మామయ్య ప్యాంటు వేసుకుని మంచం అంచున కూర్చున్నారు. "నాకు ఆకలి లేదు, మీరు పోయి రాండ్రి" అన్నారు. ఆయన్ని వదిలి అత్తమ్మ ఎట్లా వస్తుంది? ఆమె కూడా ఉండిపోయింది. ఏడుగురి బల్ల దగ్గర అయిదుగురం కూర్చున్నాం. ఎవరి పేరు మీద వచ్చామో వాళ్ళ కుర్చీలు రెండూ ఖాళీ.

పాప అడిగింది, "తాతకు ఆకలి ఎందుకు లేదు?" ఎవరం జవాబు చెప్పలేదు. అది లేచి నేరుగా తలుపు దగ్గర నిలబడ్డ ఆయన దగ్గరికి పోయింది. "మా తాత ధోతి కట్టుకొని వస్తే మీరు లోపలికి రానిస్తారా?" అని హిందీలో అడిగింది. ఆయన నవ్వి, "ఎందుకు రానివ్వం? ఎవరి ప్రాంతపు సంప్రదాయ దుస్తులు వాళ్ళు వేసుకోవచ్చు. రేపు ఫార్మల్ రాత్రికి కూడా అది చాలు" అన్నాడు. వద్దనేది పొట్టి నిక్కర్లు, ఈత బట్టలు, చేతుల్లేని బనియన్లు, రబ్బరు చెప్పులు. అంతే. ఆ చిన్న అక్షరాల్లో రాసి ఉన్నది కూడా అదేనని తర్వాత మా మరిది చదివి చెప్పాడు.

అమ్మలారా, పంచె వద్దని షిప్పువాళ్ళు అనలేదు. నేను అన్నాను. పదిమందిలో మా మామయ్య పంచె చూసి ఎవరేమనుకుంటారో అని నా మనసులో ఉన్న బెరుకుకు నేను రూలు అని పేరు పెట్టాను. పదేళ్ళ పిల్ల అడిగిన ఒక్క మాట మేం నలుగురు పెద్దవాళ్ళం అడగలేకపోయాం.

ప్లేటు వదిలేసి క్యాబిన్‌కు పోయాను. "మామయ్యా, రూలు లేదు. నేనే అన్న" అని చెప్పాను. ఆయన కోప్పడలేదు. "అడిగి చెప్తే అయిపోవు గద బిడ్డా" అన్నారు. అత్తమ్మ తన సంచి అడుగు నుంచి ఇస్త్రీ మడత చెదరని పంచె తీసింది. "ఏ ఊరు పోయినా ఒక పంచె సంచిల ఉండాలె" అన్నది. నేను ప్యాంటు తెచ్చిన రోజే ఆమె దాన్ని సర్దిపెట్టిందట. మామయ్య పంచె కట్టుకుంటూ బాత్రూములో ఉన్న తువ్వాలు పట్టి చూసి, "ఇది షోలాపూర్దో కాదో గనీ, ఉతికి ఉతికి దీని పాణం తీసిండ్రు" అన్నారు. అప్పుడు అందరం నవ్వాం. ఆ రాత్రి ఆయన రెండుసార్లు అన్నం పెట్టించుకున్నారు.

రెండో రాత్రి అసలు సంగతి. మామయ్య పంచె, తెల్ల చొక్కా, భుజాన కండువా. అత్తమ్మ నారాయణపేట చీర. ముదురు ఎరుపు, చిన్న గళ్ళు, గుడి గోపురం అంచు. ఆమె పుట్టిల్లు ఆ వైపే. మేం కోడళ్ళిద్దరం గౌన్లలో ఉన్నాం. ఏసీ చలికి మా తోటికోడలు వణికిపోయి, చివరకు మామయ్య కండువానే కప్పుకుంది. పక్క బల్ల దగ్గరున్న గుజరాతీ ఆవిడ లేచి వచ్చి అత్తమ్మ కొంగు పట్టుకొని చూసింది. "ఎక్కడ కొన్నారు?" అని అడిగింది. అత్తమ్మ తన మరాఠీలో చెప్పింది. "కొనలేదు. మా అన్న నేసిండు. ఆయన ఇప్పుడు లేడు. ఆ మగ్గం కూడా లేదు."

ఆవిడ ఊరుకోలేదు. "ఇట్లాంటిది నా కూతురికి కావాలి. ఇంకెవరైనా నేసేవాళ్ళు ఉంటే నంబరు ఇవ్వండి" అన్నది.

మేం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నేత ఇంటివాళ్ళం. తాత ముత్తాతల నుంచి ఇదే పని. మా అందరి ఫోన్లలో ఒక్క మగ్గం మనిషి నంబరు లేదు. గౌను తెప్పించిన దుకాణం నంబరు ఉంది. ప్యాంటు కొన్న దుకాణం నంబరు ఉంది. నాకు ఆ రాత్రి ప్యాంటు సంగతి కన్నా ఇదే ఎక్కువ గుచ్చుకుంది.

ఇక పనికొచ్చే మాటలు కొన్ని చెప్తాను. మేం తెలియక పడ్డ ఇబ్బంది మీరు పడొద్దు.

మొదటిది, అడగండి. ఒక్కో షిప్పుకు ఒక్కో పద్ధతి ఉంటుంది. టికెట్ తీసేటప్పుడే "చీర, పంచె నడుస్తాయా" అని ఫోన్ చేసి అడగండి. పెద్ద డైనింగ్ హాలు ఇష్టం లేనివాళ్ళకు బఫే హాలు ఉంటుంది. అక్కడ పట్టింపులు తక్కువ. ఎవరూ ఆకలితో పడుకోవలసిన పని లేదు.

రెండోది, పెద్ద సంచులు ఎక్కేటప్పుడే తీసుకుంటారు. అవి క్యాబిన్‌కు చేరేసరికి ఆలస్యం కావచ్చు. మొదటి రాత్రి కట్టుకునేది, మందులు చేతి సంచిలో పెట్టుకోండి.

మూడోది, ఇస్త్రీ పెట్టె. నిప్పు భయంతో క్యాబిన్‌లో దాన్ని వాడనివ్వరు. లాండ్రీకి ఇస్తే డబ్బులు. కాబట్టి బట్ట ఎంచుకునేటప్పుడే చూసుకోవాలి. గంజి పెట్టిన నూలు చీర సముద్రపు తేమకు మెత్తబడి వాలిపోతుంది. పోచంపల్లి ఇక్కత్ లాంటి నిండు డిజైను చీరలో మడతలూ కనబడవు, కూర మరకా తొందరగా కనబడదు. మంగళగిరి సాదా చీర అందంగానే ఉంటుంది గానీ ప్రతి ముడతా కనిపిస్తుంది. మడత పెట్టకుండా గుండ్రంగా చుట్టి సర్దితే కొంత నయం.

నాలుగోది, పట్టు. కంచిపట్టు, బరంపురం పట్టు ఉన్నవాళ్ళు ఫార్మల్ రాత్రికి ఒక్కటి తెచ్చుకోండి, చాలు. బీరువా ఇరుకు, సంచి బరువు. హాల్లో కట్టుకోండి గానీ దానితో డెక్ మీద గాలిలో ఎక్కువసేపు నిలబడొద్దు. ఉప్పు తేమ జరీకి మంచిది కాదు. జరీ మీద సెంటు కొట్టొద్దు. ఇంటికి రాగానే నీడలో ఆరేసి, మెత్తని నూలు బట్టలో చుట్టి పెట్టండి.

అయిదోది, డెక్ మీద గాలికి కొంగు నిలవదు. పిన్నులు రెండు ఎక్కువ పెట్టుకోండి. కుచ్చిళ్ళు, పంచె అంచు పాదం పైకి ఉండేట్టు కట్టుకోండి. షిప్పు ఊగుతుంది, మెట్లుంటాయి, కొన్నిచోట్ల గడపలు ఎత్తుగా ఉంటాయి. ఎత్తు మడమల చెప్పులు వద్దే వద్దు. హాల్లో చలి కాబట్టి ఒక శాలువా ఉండాలి. అది చేనేతదైతే సాదా డ్రెస్సు మీద వేసుకున్నా నిండుగా ఉంటుంది. పిల్లలకు నూలు లంగా జాకెట్టు, కుర్తా చాలు.

మగవాళ్ళకు కూడా ఒక మాట. సేలం తెల్లపట్టు పంచె సంగతి సేలం వాళ్ళకు నేను చెప్పాలా? కట్టు జారుతుందని భయమైతే బెల్టు పెట్టుకోండి. కోటే కావాలంటే చేనేత బట్టతో బంద్‌గలా కుట్టించుకోండి. ఇక తెల్ల బట్టల రాత్రికి అందరూ కొత్తవి కొన్నారు. మా మామయ్య ఏమీ కొనలేదు. ఆయనకు రోజూ తెల్ల బట్టల రాత్రే.

చివరిగా ఒక విన్నపం. షోలాపూర్ చద్దరుకు, టెర్రీ తువ్వాలుకు జీఐ గుర్తింపు ఉందని గొప్పగా చెప్పుకుంటాం. ఆగస్టు 7న, చేనేత దినోత్సవం నాడు, చీర కట్టుకొని ఫోటో దిగి స్టేటస్ పెడతాం. 8వ తారీఖు మళ్ళీ మామూలే. నేను మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. ఆ గౌను వేసుకున్నది నేనే. చేనేత చీర రోజూ కట్టుకునే స్థోమత మనలో చాలామందికి లేదు. నేసేవాళ్ళకే లేదు. కానీ ఇంటికి ఒకటి ఉండొచ్చు. ఇంట్లో పెళ్ళికి పది చీరలు కొనేచోట ఒక్కటి మగ్గం చీర, చేనేత గుర్తు చూసి కొనొచ్చు. ఆ గుర్తు 2006 నుంచి ఉంది, కానీ కొనేటప్పుడు దాన్ని అడిగేవాళ్ళం ఎందరం?

దానికన్నా ముందు కావలసింది నంబర్లు. ఊరికి వచ్చాక నేను అత్తమ్మ పుట్టింటివాళ్ళకు ఫోన్లు చేశాను. ఆమె అన్న కొడుకులు ఎవరూ మగ్గం మీద లేరు. వాళ్ళ వీధిలో ఇంకా నేస్తున్న ఒకాయన నంబరు ఇచ్చారు. రెండు చీరలు చెప్పాను. ఒకటి నాకు, ఒకటి తోటికోడలికి. గుజరాతీ ఆవిడ నంబరు నేను అడగలేదు, అది పోయిన బేరమే. ఇంకొకటి పోవద్దు.

మన సంచిక ఇప్పుడు కాగితం కాదు, ఫోనులో ఉంటుంది, ఎప్పుడైనా కొత్త పేరు చేర్చొచ్చు. మీ బంధువుల్లో, మీ పాత ఊళ్ళో ఇంకా మగ్గం మీద కూర్చుంటున్నవాళ్ళు ఎవరున్నారో కనుక్కోండి. వాళ్ళను అడిగి, ఒప్పుకుంటేనే, పేరు, ఊరు, నేసేది ఏమిటి, నంబరు సమాఖ్యకు పంపండి. ఒక్కొక్క ఇల్లు ఒక్క పేరు ఇస్తే చాలు. ఈసారి ఎవరైనా మన కొంగు పట్టుకొని "ఎక్కడ దొరుకుతుంది" అని అడిగితే మనం ముఖాలు చూసుకోవద్దు.

మామయ్య ఆ ప్యాంటును ఎవరికీ ఇవ్వలేదు. బీరువాలో పంచెల కింద దాచారు. ఎందుకు మామయ్యా అంటే, "నువ్వు కొన్నవ్ గద బిడ్డా, ఉండనియ్" అన్నారు. బీరువా తెరిచినప్పుడల్లా అది నాకు కనబడుతుంది.