లావు తీగల గిటారు: శ్రుతి సవరణ
(సంఘ సంగీత తరగతియందు చేసిన ప్రసంగపాఠము)



పాడువారి కంఠములకు అనుకూలముగా శ్రుతి దించి వాయించుటకై మన పిల్లలు కొందరు గిటారులకు లావు తీగలు వేయుచున్నారు. నొక్కని తీగ శ్రుతిలోనే పలుకును. పై మెట్లకు పోయినకొలది స్వరము హెచ్చిపోవును. విన్న పెద్దలు పిల్లవాని చెవిని నిందింతురు. అతడు వాద్యమును మూలకు చేర్చును. దోషము చెవిది కాదు, తీగది అని మనవి చేయుటయే మా ఉద్దేశము.

వీణ మనకు తెలిసినదే. దాని మెట్లు మైనములో నిలిచియుండును. స్వరము తప్పినచో మేళము కట్టువాడు మైనమును మెత్తపరచి మెట్టునే జరుపును. గిటారు మెట్లు కొయ్యలో దిగగొట్టినవి, అవి కదలవు. కావున తీగ పొడవునే సవరింపవలెను.

సామాన్యముగా విద్యుత్ గిటారునకు వేయు జతలో మొదటి తీగ లావు అంగుళములో వేయింట 10 వంతులు, చుట్టులేని మూడవ తీగ 17 వంతులు. లావు జతలో అవి 12, 20 అగును. లావు పెరిగినకొలది తీగ బిరుసెక్కును. బిరుసు తీగ కొసల చెంత చక్కగా వంగదు గనుక, కంపించు భాగము కురుచయైనట్లు పలుకును. పై మెట్లపై నొక్కినకొలది ఈ దోషము పెరుగును. చుట్టులేని మూడవ తీగలో ఇది మిక్కుటము. దాని స్థానమున చుట్టు తీగ వేసినచో, లోని కమ్మి సన్ననిదగుటచే దోషము తగ్గును.

ఇక సవరణ క్రమము. క్రొత్త తీగలు వేసి, వాయింపదలచిన శ్రుతికే చేర్పవలెను. తీగ మారిన మెడపై లాగుడు మారును. మెడ మితిమీరి వంగినచో అందలి ఉక్కు కమ్మిని కొద్దికొద్దిగా త్రిప్పి సరిచేయవలెను. తలవైపు గాడులు ఇరుకైనచో తీగ పైకి నిలిచి, మొదటి మెట్లలోనే స్వరము హెచ్చును. వానిని తగినంత వెడల్పు చేయింపవలెను.

పిమ్మట 12వ మెట్టుకు సరిగా పైన తీగను నొక్కక తాకి మీటి వినుడు. అచ్చటనే నొక్కి మరల వినుడు. నొక్కిన స్వరము హెచ్చైనచో, బ్రిడ్జిపై తీగ ఆనెడి శాడిలును మెడకు దూరముగా జరుపుడు. తగ్గైనచో దగ్గరకు జరుపుడు. ముందుగా తీగను సడలించి జరిపి, తిరిగి శ్రుతిచేసి పోల్చవలెను. శాడిలు కదలని కొయ్య గిటారైనచో, తీగ ఆనెడి అంచును పనివానిచే వెనుకకు అరగదీయింపవలెను.

అన్ని మెట్లును సంపూర్ణముగా కుదురునని ఆశింపరాదు, స్వల్పభేదము మిగులును. అయినను పాటకు అది అడ్డు కాదు. ఇకమీదట అపస్వరము వినవచ్చినచో, పిల్లవానిని మందలించుటకు ముందు 12వ మెట్టును పరీక్షింపుడని కోరుచు విరమించుచున్నాము.