ఉత్తకాళ్లు, చెప్పులు, గుంట గట్టు

(సంఘం వార్షిక సభలో యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగం)



నన్ను మన సంస్కృతి గురించి మాట్లాడమన్నారు. నేను కాళ్ల గురించి మాట్లాడతాను. ఎందుకో చెబుతాను. పోయిన ఏడు ఇలాంటి సభలోనే అందరం కలిసి ఫొటో దిగాం. ముందు వరసలో మా మేనత్త కూర్చుంది. పులికాట్ సరస్సులో నీళ్లలో వంగి, చేత్తో తడిమి రొయ్యలు పట్టి నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి. పాదాలు పగిలి, ఆల్చిప్పలు కోసిన గాట్లతో నల్లగా ఉంటాయి. ఫొటో తీసే పిల్లవాడు, మనవాడే, చాలా మర్యాదగా అన్నాడు: "అవ్వా, కాళ్లు చీరలోకి లాక్కో, బాగుండదు." ఆమె లాక్కుంది. నవ్వింది కూడా. ఆ పిల్లవాణ్ణి నేనేమీ అనలేదు. కానీ ఆ మాట ఏడాదిగా నా చెవిలో ఉంది.

అదే సభలో ఇంకొక తమ్ముడు మైకు పట్టుకొని, మన పూర్వీకులు చెప్పులు లేకుండా అడవుల్లో నడిచారు, అదే మన బలం, చెప్పులు నాగరికత తెచ్చిన జబ్బు అన్నాడు. బాగా చప్పట్లు పడ్డాయి. అతని కాళ్లకు కొత్త స్పోర్ట్స్ షూలున్నాయి. ఒకరు ఉత్తకాళ్లను దాచమన్నారు, ఇంకొకరు వాటికి దండ వేశారు. ఇద్దరూ ఆ కాళ్ల వంక సరిగా చూడలేదని నాకనిపించింది.

ముందు ఆ కాళ్ల పనితనం చూద్దాం. మన కోస్తాలో బురద రెండు రకాలు. కాలువ పక్క జిగట బంకమన్ను ఒకటి, ఉప్పుటేటి నల్ల ఊబి ఒకటి. రెండింటిలోనూ హవాయి చెప్పులతో దిగినవాడు పది అడుగులు వెయ్యలేడు. బురద చెప్పును పట్టుకుంటుంది, కాలు మాత్రం పైకొస్తుంది. గట్టెక్కితే జారుతుంది, వీపంతా బురద చిమ్ముతుంది. మనవాళ్లు మడమ ముందు మోపరు. వేళ్లు విడదీసి, మేకుల్లా దించి, అడుగున ఏముందో తెలుసుకున్నాకే బరువు వేస్తారు. అక్కడ మండపీత బొరియ ఉందా, ఆల్చిప్ప అంచు ఉందా, ముల్లుందా అన్నది కాలు చెబుతుంది. పొలంలో ఎలుక బొరియ మీద నడిచినా అంతే. నేల గుల్లగా ఉందని మా నాయన పాదంతోనే చెప్పేవాడు, ఆ తర్వాతే పార అందుకునేవాడు.

అరికాలు కాయకాస్తే మొద్దుబారుతుందని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. 2019లో నేచర్ అనే శాస్త్ర పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. కెన్యాలోనూ అమెరికాలోనూ ఉత్తకాళ్లతో నడిచేవాళ్ల పాదాలను, షూలు వేసేవాళ్ల పాదాలను పోల్చి చూశారు. ఉత్తకాళ్లవాళ్లకు చర్మం బాగా మందంగా ఉంది, అయినా స్పర్శ తగ్గలేదు. మెత్తటి షూ అడుగు కాలికీ నేలకూ మధ్య అడ్డుగా నిలుస్తుంది. కాయకాసిన చర్మం అలా కాదు, కాపాడుతూనే కబురు అందిస్తుంది. మా మేనత్తకు ఈ సంగతి చెబితే, "దీనికి కెన్యా దాకా పోవాలా?" అంది.

ఇంకొక లెక్క మన దేశానిదే. 1992లో మణిపాల్ వైద్య కళాశాల డాక్టర్లు 4 నుంచి 13 ఏళ్ల మధ్య పిల్లలు 2300 మంది పాదముద్రలు పరీక్షించి ప్రచురించారు. పాదం వంపు పోయి చదునైపోవడం, పాదరక్షలు వేసే పిల్లల్లో నూటికి 8.6 మందికి ఉంటే, వెయ్యనివాళ్లలో 2.8 మందికే ఉంది. వేళ్లు మూసే బూట్ల పిల్లల్లో ఎక్కువ, శాండల్స్, చెప్పులు వేసేవాళ్లలో తక్కువ, ఉత్తకాళ్లవాళ్లలో అన్నిటికన్నా తక్కువ. అందుకని ఇంటి ముంగిట శుభ్రమైన ఇసుకలో పిల్లలు ఉత్తకాళ్లతో ఆడుకుంటుంటే ఆపకండి. ఇంగ్లీషు మీడియం స్కూలు కదా అని మూడేళ్ల బిడ్డకు ఇరుకు బూట్లు తొడిగి రోజంతా ఉంచకండి.

ఇక్కడితో ఆపితే మైకు తమ్ముడే గెలిచినట్టు. ఇంకో పక్క ఉంది.

మా తాతకు చెప్పులుండేవి. లారీ టైరు కోసి కుట్టినవి, ఇటుకంత బరువు, తుమ్మముల్లు దిగేది కాదు. ఆయన వాటిని అడవిలో వేసుకునేవాడు, ఊరి నడివీధి రాగానే తీసి చంకలో పెట్టుకునేవాడు. చిన్నప్పుడు నేను అడిగాను, ఎందుకు తాతా అని. "అరిగిపోతాయిరా" అన్నాడు. చాలా ఏళ్లకు గానీ నాకర్థం కాలేదు. అరిగేది చెప్పులు కాదు. ఊళ్లో పెద్ద ఇళ్ల ముందు చెప్పుల కాళ్లతో నడవడం మనకు లేదు అప్పుడు. కాబట్టి మన ఉత్తకాళ్లు అంతా నైపుణ్యమే అనుకోవద్దు, అందులో భయం ఉంది, లేమి ఉంది. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించి 2016 జనవరి 26 నుంచి అమల్లో పెట్టారు. అందులో, బహిరంగ స్థలంలో చెప్పులు వేసుకున్నందుకు ఎస్సీ ఎస్టీ మనిషిని అడ్డుకోవడం నేరమని పేరుపెట్టి రాశారు. చట్టంలో ఆ మాట రాయాల్సి వచ్చిందంటే అది ఎంతమంది తాతల సంగతో ఆలోచించండి.

అడవి మనిషికి చెప్పులే తెలియవన్న మాట కూడా నిజం కాదు. మనకు దగ్గరే ఉన్న శ్రీకాళహస్తి కన్నప్పను తలుచుకోండి. రెండో కన్ను పెకలించి పెట్టేముందు గుర్తు కోసం శివుడి కంటిమీద కాలు పెట్టినవాడు. శంకరాచార్యుల పేరుతో ఉన్న శివానందలహరిలో కూడా ఆ వేటగాడి దారులు నడిచి అరిగిన చెప్పును ప్రస్తావించారు. అంటే వేటగాడి కాలికి చెప్పుంది. తోలు ఉన్నచోట, ముల్లు ఉన్నచోట మనిషి చెప్పు కుట్టుకున్నాడు. పురోహితుల పావుకోళ్లు, హాలండ్ రైతుల కొయ్య బూట్లు కూడా అలా పుట్టినవే. హాలండ్ తడినేల, అక్కడ కొయ్య బూటు కాలును పొడిగా ఉంచేది. మీరిప్పుడు వేసుకు తిరిగే క్రాక్స్ కూడా 2002లో మొదట పడవల మీదివాళ్ల కోసమని వచ్చినవే. నీళ్లు పోవడానికే ఆ బొక్కలు. తేలిక, మెత్తన, బాగానే ఉంటాయి. కానీ సీమతుమ్మ ముల్లు ఆ అడుగులో వెన్నలో దిగినట్టు దిగుతుంది, చూసుకోండి.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. నేను ఆరోగ్య శాఖలో ఊరూరా తిరిగిన ఉద్యోగం చేశాను. ఉత్తకాళ్లు తెచ్చేవి మూడు చూశాను.

ఒకటి కొంకి పురుగు. బహిర్భూమికి పోయే చోట, నీడగా తడిగా ఉన్న ఇసుక నేలలో దాని పిల్లలు కాచుకొని ఉంటాయి. మెత్తటి చర్మంలోంచి, వేళ్ల సందుల్లోంచి లోపలికి పోతాయి, చివరికి పేగుల్లో చేరి రక్తం తాగుతాయి. మన ఆడపిల్లలు పాలిపోయి, మెట్లెక్కితే ఆయాసపడుతుంటే "తిండి లేక" అనుకుంటాం. తిండితో పాటు కాళ్లూ చూడాలి. ఇక్కడ ఖరీదైన చెప్పు అక్కర్లేదు, ఏ చెప్పయినా పనికొస్తుంది, మరుగుదొడ్డి ఉంటే ఇంకా మేలు.

రెండోది ఎలుక జ్వరం. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు కాలి గాటులోంచి ఒంట్లోకి పోతే వస్తుంది. ఎలుకలు పట్టే మనకు, వరిమడిలో నిలబడే మనకు ఇది కొత్త కాదు, పేరే కొత్త. గాటు ఉన్న రోజు నీళ్లలో దిగకండి. తప్పకపోతే బూటు వేసి దిగండి. పని తర్వాత నాలుగు రోజుల్లో గానీ రెండు మూడు వారాల్లో గానీ జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడడం ఉంటే డాక్టరుకు మీ పని ఏమిటో చెప్పండి. ఆయన అడగడు, మీరే చెప్పాలి.

మూడోది పాము. దీని దగ్గర కాసేపు ఆగుతాను, మన్నించండి.

మా నాయన రొయ్యల గుంటల కాపలా చేసేవాడు. యజమాని ఒక టార్చిలైటు ఇచ్చాడు, ఒక విజిల్ ఇచ్చాడు. రాత్రి రెండుగంటలప్పుడు ఏరేటర్ ఆగిందని గట్టు మీద పరిగెత్తాడు. చెప్పులు జారతాయని షెడ్డు దగ్గరే వదిలాడు. రక్తపింజర చీలమండ పైన కరిచింది. మనవాళ్లే వచ్చి పసరు పోశారు, కట్టు బిగించారు. తెల్లారి ఆసుపత్రికి చేరేసరికి కాలు నల్లబడింది. ప్రాణం దక్కింది, కాలు మాత్రం చివరిదాకా ఈడ్చుకుంటూనే నడిచాడు. ఏ నేల మీదైనా చప్పుడు లేకుండా నడిచిన మనిషి.

దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో 12 లక్షల మంది పోయారని 2020లో ఒక పెద్ద అధ్యయనం లెక్క తేల్చింది. ఏడాదికి 58,000 మంది. ఎక్కువ మరణాలున్న ఎనిమిది రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. కాట్లలో ఎక్కువ భాగం కాళ్లమీదే. మా నాయనకు పడిన చోట మోకాలి కింద దాకా వచ్చే గమ్‌బూటు ఉంటే ఆ పాము కోరలు రబ్బరులోనే ఆగిపోయేవని నా నమ్మకం. హవాయి చెప్పులుంటే మాత్రం ఏ తేడా ఉండేది కాదు. అందుకే చెప్పులా, ఉత్తకాళ్లా అని వాదించుకోవడంలో అర్థం లేదు. ఏ నేల, ఏ వేళ, ఏ పని అన్నది అడగండి. పగటిపూట ఊబిలో రొయ్య తడిమేటప్పుడు మీ కాలే మేలు. రాత్రి గట్టు మీద బూటు లేకుండా అడుగు పెట్టకండి. కట్లపాము సంగతి వేరు, అది నేలమీద పడుకున్నప్పుడు కరుస్తుంది, దానికి మంచమూ దోమతెరా కావాలి.

పసరు గురించి పెద్దలు నామీద కోప్పడవచ్చు. మన వేర్ల మందులంటే నాకు గౌరవం ఉంది, మా అమ్మ దగ్గర కొన్ని నేర్చుకున్నాను కూడా. కానీ పింజర విషానికి మందు ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు సూదే. ఆ సూదిలో కూడా మనలాంటి వాళ్ల చేయి ఉంది. చెన్నై అవతల ఇరుళ అన్నలు ఒకప్పుడు పాములు పట్టి తోళ్లు అమ్మేవాళ్లు, వాటితో ఎవరికో బూట్లు, సంచులు తయారయ్యేవి. వన్యప్రాణి చట్టం వచ్చి ఆ వ్యాపారం ఆగిపోయాక, 1978లో సహకార సంఘం పెట్టుకొని విషం తీసి అమ్మడం మొదలుపెట్టారు. దేశంలో విరుగుడు మందుకు ఆ విషం వాడతారు. వాళ్లలో మాసి సడయన్, వడివేల్ గోపాల్ గార్లకు 2023లో పద్మశ్రీ వచ్చింది. కాబట్టి 108కి ఫోన్ చెయ్యడం మన విద్యను అవమానించడం కాదు. కాటు పడితే కొయ్యొద్దు, బిగించి కట్టొద్దు, నడిపించొద్దు. కాలు కదలకుండా మోసుకెళ్లండి.

షుగరు ఉన్న పెద్దవాళ్లకు ఇంకొక మాట. వాళ్ల పాదాలకు స్పర్శ పోతుంది. మే నెల ఇసుక కాలుతున్నా తెలియదు, ముల్లు దిగినా తెలియదు. కబురు చెప్పే కాలు కబురు చెప్పడం మానేసిందన్నమాట. వాళ్లు ఇంట్లో కూడా ఉత్తకాళ్లతో తిరగకూడదు. 1946లో వేలూరు సీఎంసీకి వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల పాదాల పుండ్లు చూసి, స్పర్శ లేని కాలికి మెత్తటి అడుగు ఎంత ముఖ్యమో కనిపెట్టారు. ఎంసీఆర్ చెప్పులంటే అవి, మందుల షాపుల్లోనూ అడిగితే దొరుకుతాయి. వెనక పట్టీ ఉన్నవి తీసుకోండి. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, అసలు సైజు తెలుస్తుంది.

గుంటల కాపలాకు, రొయ్యల పట్టుబడికి పోయే తమ్ముళ్లూ, కూలి మాట్లాడేటప్పుడే గమ్‌బూట్లు కూడా అడగండి. నాలుగైదు వందల రూపాయల వస్తువు. మేత బస్తాకు పెట్టే ఖర్చు ముందు అదెంత? ఒక్కడు అడిగితే "నీకు బూట్లు కావాలా" అని నవ్వుతారు. గుంపు మేస్త్రీతో కలిసి పదిమంది అడిగితే నవ్వరు. మా తాతలా చంకలో పెట్టుకోవాల్సిన పని మీకు లేదు.

ఈసారి ఫొటోలో మా మేనత్త మళ్లీ ముందు వరసలోనే కూర్చుంటుంది. కాళ్లు బయటే పెట్టమని చెప్పాను. "చలేస్తుంది, చెప్పులు కొనివ్వు" అంది. కొనిచ్చాను. వేసుకుంటుందో లేదో ఆమె ఇష్టం.

ఒక్క మాట మర్చిపోయాను. గమ్‌బూట్లు షెడ్డులో పెట్టినవాళ్లు వేసుకునేముందు తలకిందులు చేసి గట్టిగా దులపండి. తేళ్లకు ఆ చీకటి గూడు భలే ఇష్టం.