ఆరోగ్య సాధనలో అల్ప విజయాలు

విజయమనగానే మనకు పెద్ద సంగతులే స్ఫురిస్తాయి. పరీక్షలో నెగ్గడం, పంట పండడం, వ్యాజ్యం గెలవడం నలుగురితో చెప్పుకొనే విజయాలు. నిన్న ఒక ఫర్లాంగు నడిచి ఆయాసపడినవాడు నేడు రెండు ఫర్లాంగులు నడిచాడంటే దానిని విజయమని ఎవరూ అనరు, నడిచినవాడూ అనుకోడు. అనుకోకపోవడం వలననే నెల తిరిగేసరికి నడక మానివేస్తాడు.

ఈ విషయాన్ని అలంపురం ప్రాంతపు క్రైస్తవ కుటుంబాలను దృష్టిలో ఉంచుకొని ముచ్చటిస్తాను. చెప్పేది మాత్రం అందరికీ చెల్లుతుంది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలోని క్రైస్తవ సంఘాలకు ఆరోగ్యచింత కొత్తది కాదు. ఈ ప్రాంతంలో పనిచేసిన మెనోనైట్ బ్రదరెన్ మిషనువారు ప్రార్థనతోపాటు వైద్యాన్నీ తమ సేవగా ఎంచుకొన్నారు. వారిలో డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ 1907లో మన దేశానికి వచ్చి, 1945లో శంషాబాదులో కన్నుమూసే వరకు ఇక్కడి రోగులనే కనిపెట్టుకొని ఉన్నారు. తరువాత జడ్చర్లలో మిషను వైద్యశాల వెలిసింది. ఆనాటి శత్రువులు కలరా, మశూచి, చలిజ్వరం. అవి వచ్చినదీ తెలిసేది, పోయినదీ తెలిసేది. స్వస్థత పొందినవారు సంఘంలో లేచి సాక్ష్యం చెప్పేవారు.

నేటి శత్రువులు వేరు. మన దేశంలో మధుమేహ పీడితులు పదికోట్లకు పైబడినారని భారత వైద్య పరిశోధన మండలివారి అధ్యయనం 2023లో వెల్లడించింది. మధుమేహమూ, రక్తపోటూ చప్పుడు చేయకుండా వస్తాయి. వాటిపై గెలుపు కూడా చప్పుడు లేకుండానే వస్తుంది. కనుక సాక్ష్యం చెప్పదగిన ఘడియ ఏదో మనకు తెలియకుండా పోతున్నది.

ఆ గెలుపు ఎంత చిన్నదో చూడండి. మధుమేహం అంచున ఉన్నవారిపై అమెరికాలో జరిపిన ఒక పరిశోధన ఫలితాలు 2002లో వెలువడినవి. బరువులో నూటికి ఏడువంతులు తగ్గించడం, వారానికి 150 నిమిషాలు నడవడం, ఇవే వారు పెట్టుకొన్న లక్ష్యాలు. ఆ మార్గాన నడచినవారిలో, తక్కినవారితో పోలిస్తే, మధుమేహం కొత్తగా సోకడం నూటికి 58 వంతులు తగ్గింది. ఎనభై కిలోల మనిషికి ఏడువంతులంటే అయిదున్నర కిలోలు. పొరుగువారు గమనించనైనా గమనించరు. కాని ఆ మనిషి భవిష్యత్తే మారిపోవచ్చును.

చిన్నదానిని తృణీకరించే గుణం పాతదే. బైబిలులో సిరియా సేనాపతి నయమాను కథ ఉన్నది. కుష్ఠు పోవడానికి యొర్దాను నదిలో ఏడుమారులు మునగమని ప్రవక్త చెప్పి పంపితే, ఇంత స్వల్పకార్యమా అని ఆయన కోపించి మరలిపోయాడు. గొప్పకార్యం చెప్పి ఉంటే చేసేవారు కదా అని దాసులు నచ్చజెప్పవలసి వచ్చింది. కూరలో చిటికెడు ఉప్పు తగ్గించమన్నప్పుడు మనమూ నయమానులమే అవుతున్నాము.

మరి ఈ చిన్న విజయాన్ని పండుగ చేసికొనడమెట్లా? ప్రథమఫలముల ఆచారమే దీనికి దారి చూపుతుంది. పంటంతా ఇల్లు చేరిన తరువాత కాదు, మొదటి పన కోసినప్పుడే కృతజ్ఞత చెల్లించడం అందులోని విశేషం. పదిదినాల గడువు పెట్టుకోండి. దానియేలూ అతని స్నేహితులూ శాకధాన్యాలతో, నీటితో తమను పరీక్షించుమని కోరింది కూడా పదిదినాలకే. ఎన్ని దినాలు నడిచినదీ, ఎన్ని పూటలు అన్నం తగ్గించి జొన్నరొట్టె, ఆకుకూర తిన్నదీ ఒక పుస్తకంలో వ్రాయండి. పదవనాటి కుటుంబ ప్రార్థనలో దానిని పేరు పెట్టి చెప్పి స్తోత్రం చెల్లించండి. ఉప్పు తగ్గించి వండిన ఇల్లాలికి కూడా అందులో భాగమున్నదని మరువకండి. ఐతే ఆ సంతోషాన్ని మిఠాయి పొట్లంతో, బిరియానితో జరుపుకొంటే గెలిచినది తిరిగి ఇచ్చివేసినట్లే. ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత పదిమంది కలిసి ఒక మైలు నడవడం అంతకంటె మంచి పండుగ.

రెండు జాగ్రత్తలు అవసరం. వారానికి రెండుమారులు ఉపవసిస్తున్నానని చెప్పుకొన్న పరిసయ్యుని ప్రార్థన క్రీస్తు మెచ్చలేదు. మన విజయం మరొకరి స్థూలకాయాన్ని ఎత్తిచూపే కొలబద్ద కారాదు. రెండవది మరింత ముఖ్యం. నాలుగు కిలోలు తగ్గినంతమాత్రాన మందులు మానరాదు. మధుమేహానికి మాత్రలో, ఇన్సులినో వాడుతున్నవారు శ్రమదినాలలో ఉపవాసానికి పూనుకొనే ముందు వైద్యుని సంప్రదించాలి. రక్తంలో చక్కెర హఠాత్తుగా పడిపోతే ప్రాణాపాయం.

దేహం దేవుని ఆలయమని పౌలు కొరింథీయులకు వ్రాశాడు. ఆలయమంటే ఏమిటో అలంపురంవారికి ఒకరు చెప్పనక్కరలేదు. శ్రీశైలం జలాశయపు ముంపునుండి కాపాడడానికి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి, తెచ్చి, అలంపురంలో తిరిగి నిలిపారు. అక్కడ ఏ ఒక్క రాయినీ చిన్నదని పక్కన పెట్టలేదు. మన దేహాన్ని నిలుపుకొనే పనిలోనూ ఈనాటి రాయిని ఈనాడే పేర్చి, పేర్చగలిగినందుకు సంతోషిద్దాము.