కెన్యాలో సోలార్ బిజినెస్: ప్యానెల్ అమ్మడం తేలిక, వాయిదా వసూలే అసలు పని

"ఆఫ్రికాలో ఎండకి లోటు లేదు, చాలా ఊళ్లకి కరెంట్ లేదు, ప్యానెల్ రేట్లు తగ్గాయి. వెళ్లి సోలార్ బిజినెస్ పెడితే ఎలా ఉంటుంది?" ఈ మాట నన్ను చాలామంది అడిగారు. ఉద్యోగం మానేసి, దాచుకున్న డబ్బంతా పెట్టేద్దాం అనుకునేవాళ్లూ ఉన్నారు. ఈ ఎపిసోడ్ వాళ్ల కోసమే. ఆఫ్రికా అంటే యాభైకి పైగా దేశాలు కాబట్టి, ఈరోజు ఒక్క కెన్యా గురించే మాట్లాడుకుందాం.

పల్లెటూరి ఇంటికి అమ్మే కిట్‌లో చిన్న ప్యానెల్, బ్యాటరీ, రెండు మూడు బల్బులు, ఫోన్ ఛార్జింగ్ ఉంటాయి. కొనేవాళ్ల దగ్గర మొత్తం డబ్బు ఒకేసారి ఉండదు. కానీ కిరోసిన్‌కి రోజూ కొంత ఖర్చు పెడుతూనే ఉంటారు. ఈ బిజినెస్ నిలబడింది ఆ డబ్బు మీదే.

2007లో సఫారీకామ్ ఎం-పెసా మొదలుపెట్టింది. ఫోన్‌లోంచి డబ్బు పంపడం అక్కడ మామూలైపోయింది. 2012లో ఎం-కోపా మార్కెట్లోకి వచ్చింది. స్వాహిలిలో 'కోపా' అంటే అప్పు తీసుకోవడం. చూడండి, పేరులో సోలార్ లేదు, అప్పు ఉంది! కిట్ లోపల ఒక సిమ్ ఉంటుంది. వాయిదా కడితే లైటు వెలుగుతుంది, కట్టకపోతే ఆఫీసు నుంచే లాక్ పడుతుంది. మన బజార్లో డైలీ ఫైనాన్స్ వాళ్లు సాయంత్రం బండేసుకుని తిరిగే పనిని అక్కడ ఫోన్, సిమ్ కలిసి చేస్తాయి.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఇవి ఉదాహరణ అంకెలే. డాలరుకి 130 షిల్లింగుల చొప్పున, కిట్ మీ చేతికి వచ్చేసరికి 13,000 షిల్లింగులు పడిందనుకోండి. కస్టమర్ ముందు 3,000 కడతాడు, తర్వాత రోజుకి 50 చొప్పున 365 వాయిదాలు. మొత్తం 21,250. కాగితం మీద కిట్‌కి 8,250 లాభం!

అయితే 100 కిట్లు తెస్తే ఖర్చు 13 లక్షలు, అడ్వాన్సుగా వచ్చేది 3 లక్షలు. మిగిలిన 10 లక్షలు మీ జేబులోంచే. రోజుకి 5,000 వస్తే, అవి వెనక్కి రావడానికి 200 రోజులు. అదీ అందరూ రోజూ కడితే. పంట చేతికొచ్చే దాకా కొందరు ఆగుతారు. సగటున పదిమందిలో ఏడుగురే కడితే దాదాపు 286 రోజులు. ఈలోగా ఏజెంట్ల కమిషన్, పాడైన బ్యాటరీలు, ఆఫీసు అద్దె ఆగవు కదా.

ఇంకో దెబ్బ డాలరు. మీకు వచ్చేది షిల్లింగుల్లో, సరుకుకి కట్టేది డాలర్లలో. 2019లో డాలరు సుమారు 100 షిల్లింగులు. 2024 జనవరిలో 160 దాకా వెళ్లి, ఆ ఏడే మళ్లీ 130 దగ్గరికి దిగింది. 160 దగ్గర అదే పెట్టె 16,000 అవుతుంది. పాత కస్టమర్ వాయిదా మాత్రం 50 దగ్గరే ఉంటుంది.

పెద్ద కంపెనీలకీ ఇది తేలిక కాదు. తూర్పు ఆఫ్రికాలో ఇలాగే అమ్మిన జర్మనీ కంపెనీ మోబిసోల్ 2019లో దివాలా పిటిషన్ వేసింది, తర్వాత ఫ్రాన్స్ కంపెనీ ఎంజీ దాన్ని కొనుక్కుంది. ఎం-కోపా అయితే అదే వాయిదా పద్ధతిలో స్మార్ట్‌ఫోన్లు కూడా అమ్ముతోంది. వాళ్ల అసలు బలం ప్యానెల్ కాదు, వసూలు.

మరి వెళ్లొద్దా అంటే, వెళ్లండి. కానీ కంటైనర్ ఆర్డర్ పెట్టకండి. ముందు అక్కడి ఎనర్జీ రెగ్యులేటర్ ఈప్రా లైసెన్స్ రూల్స్ చదవండి. స్థానిక భాష తెలిసిన ఏజెంట్‌ని, రిపేర్ చేసే మనిషిని పెట్టుకోండి. ఒకే ప్రాంతంలో 20 ఇళ్లకి ఇచ్చి, ఒక పంట కాలం పూర్తిగా చూడండి. ఎన్ని అమ్మారో కాదు, ఎంతమంది ఎన్ని రోజులు కట్టారో రాసుకోండి. ఆ పుస్తకం బాగుంటే అప్పుడు ఉద్యోగం మానేయడం గురించి ఆలోచించండి. డాలరు అప్పు మాత్రం ఆఖరి మాటగా ఉంచండి.