దేవుని విడిచినను విడువని విశ్వాసములు



నేటి ప్రసంగమునకు నేను గ్రహించిన విషయమును సూటిగా మనవి చేయుచున్నాను. దేవుడు లేడని చదివి, యోచించి, నిశ్చయించుకొని, పూజాపునస్కారములను మానివేసిన మనుష్యుడు, పసిబిడ్డ పాలు త్రాగక గుక్కపట్టి యేడ్చినపుడు ఇంటి పెద్దముత్తైదువ ఉప్పును మిరపకాయలును త్రిప్పి దిష్టి తీయుచుండగా ఏల అడ్డుచెప్పకున్నాడు? దేవుని పటమైన లేని యింటికి వాస్తు తెలిసినవానిని పిలిపించి వీధిగుమ్మము నేల జరిపించుచున్నాడు? పెండ్లికి పురోహితుడు వలదనిన వాడే, తారీఖు నిర్ణయించునపుడు అమావాస్య యెన్నడు వచ్చునో ఏల చూచుచున్నాడు?

ఇది కపటమని తేల్చివేయుట సులభము. మతము పోయినను దాని వాసన పోలేదనుట మరింత సులభము. ఈ రెండు సమాధానములును నాకు సమ్మతములు కావు. అతీతశక్తులయందలి నమ్మకము మతమునకు మిగులు గాదు. మతముకంటె ముందుగానే మనస్సున నుండి, మతమును వాడుకొని, మతము తొలగిన పిమ్మటను నిలిచియుండునది యని నా అభిప్రాయము.

ఈ ప్రశ్న పాశ్చాత్యులనుండి దిగుమతియైనదని తలచువారు మన దర్శనముల నొక్కమారు తిరుగవేయవలెను. జైమినిసూత్రములపై నిలిచిన పూర్వమీమాంసకు జగత్కర్తయైన ఈశ్వరునితో పనిలేదు. ఆ దర్శనాచార్యుడైన కుమారిలభట్టు అట్టి కర్త యుండుటను యుక్తులతో ఖండించెను. అయినను, నేడు చేసిన యాగము నేడే ముగిసిపోవుచుండగా దాని ఫలమైన స్వర్గము ఏనాటికో లభించుట యెట్లను శంక పొడమినపుడు, ఆ రెంటికిని నడుమ అపూర్వమను నొక కానరాని శక్తిని ఆ దర్శనమే అంగీకరించినది. జైనులును సృష్టికర్తను నిరాకరించిరి. కాని కర్మను జీవుని అంటిపట్టుకొను సూక్ష్మద్రవ్యముగా వర్ణించి, జన్మజన్మాంతరములకు దాని ఫలము తప్పక వెంటవచ్చునని సిద్ధాంతీకరించిరి. ఈశ్వరునితోపాటు పరలోకమును, పునర్జన్మమును, కర్మఫలమును ఒక్కపెట్టున త్రోసిపుచ్చినవారు లోకాయతులు. వారి మూలసూత్రములు మనకు దక్కక, వారి మాటలు చాలవరకు ప్రత్యర్థుల ఖండనములందే మిగిలియున్నవి. కనుక మన దేశమున నిరీశ్వరత్వమును, కానరాని శక్తియందు నమ్మికయు ఒకే తలయందు నివసించుట అపభ్రంశము గాదు. శాస్త్రమర్యాదతో, ప్రౌఢమైన తర్కముతో నివసించినవి. చేసిన మంచికిని చెడ్డకును ఎప్పటికైన ప్రతిఫలముండవలెనను కోరిక, ఫలప్రదాతయైన దేవుడు తొలగినను తాను తొలగలేదు.

ఇట్టి కోరికయే పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండులో మరియొక రూపమున కనబడుచున్నది. కేంబ్రిడ్జిలో ట్రినిటీ కళాశాల సభ్యుడైన హెన్రీ సిడ్జ్విక్, క్రైస్తవసంఘపు నియమములను మనసార అంగీకరింపలేకపోయినందున, 1869లో తన పదవినే వదలుకొనిన సత్యసంధుడు. అంతటి నిష్ఠతో విశ్వాసమును త్యజించిన యాయనయే, 1882లో లండనున మృతుల ప్రసంగములను, పరచిత్తజ్ఞానమును, దయ్యముల కథలను పరిశోధించుటకై సంఘమొకటి నెలకొల్పబడినపుడు దానికి ప్రథమాధ్యక్షుడయ్యెను. కారణమును ఆయన నీతిశాస్త్రమునందే వెదకవలెను: ధర్మముగా నడచినవానికి శ్రేయస్సు కలుగునను భరోసా ఈ లోకమున లేనియెడల, కర్తవ్యమునకును స్వార్థమునకును సంధి కుదురదని 1874లో వెలువడిన తన గ్రంథమున ఆయన కనుగొనియుండెను. మరణానంతరము బ్రదుకున్నదని ప్రమాణము దొరకినయెడల ఆ చిక్కు విడివడును. ఆయన ఆశించెను, కాని తాను ఆశించుచున్నాడను ఎరుకతోనే సాక్ష్యములను కఠినముగా పరీక్షించెను. ఆ నిగ్రహము నాకు మిక్కిలి పూజ్యము. ఆయన సహచరుడు ఫ్రెడరిక్ మయర్సు సంగతి వేరు: ఆయనయు క్రైస్తవమును కోల్పోయినవాడే, కాని తాను గాఢముగా ప్రేమించిన స్త్రీ 1876లో మృతినొందినపిమ్మట, ఆమె యెచ్చటనో యున్నదని తెలిసికొనుటకు శేషజీవితమును ధారవోసెను. డార్విన్‌తోపాటు 1858లో ప్రకృతివరణసిద్ధాంతమును లోకమున కందించిన వాలెసు, యౌవనమున మతమును పూర్తిగా విడిచినవాడు, 1865 మొదలు ప్రేతావాహనసభలకు పోవుచు వాని సత్యమును నమ్మెను. వీరిలో నెవ్వరును మందమతులు గారు. యుక్తి తెలియనివారు గారు. ఒకనికి ధర్మవ్యవస్థ కావలసియుండెను, ఒకనికి పోయిన మనిషి కావలసియుండెను.

మన తెలుగునేలకు సంబంధించిన దృష్టాంతము అనీబిసెంటు. క్రైస్తవ ప్రబోధకుని భార్యగా, రోగపీడితయై యుక్కిరిబిక్కిరియగుచున్న పసికూతును చూచి దయామయుడైన దేవుని శంకించి, 1874లో ఇంగ్లండు లౌకికవాదసంఘమున చేరి, ఆ సంఘనాయకుడు బ్రాడ్లాతో కలసి న్యాయస్థానమున నిలిచిన యామె, 1889లో దివ్యజ్ఞానసమాజ స్థాపకులలో నొకరైన బ్లావట్స్కీ గ్రంథమును సమీక్షింప గైకొని ఆ సమాజమున చేరెను. దేవుని మరల స్వీకరించుటకు కాదు. కర్మము, జన్మాంతరము, హిమాలయములందలి అదృశ్యగురువులు అనువానిని స్వీకరించుటకు. బిడ్డయొక్క బాధకు దేవుడీయలేని సమాధానమును కర్మము ఆమెకు ఇచ్చినదని నేను ఊహించుచున్నాను. ఆ సమాజపు కృషివలననే 1915లో మదనపల్లెయందు కళాశాల వెలసినది. ఆ మదనపల్లెలోనే 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిని జగద్గురువని వారు ప్రకటింపగా, ఆయన 1929లో హాలండునందు తనకై యేర్పడిన సంఘమును తానే రద్దుచేసి వెడలిపోయెను. తనయందు ఇతరులుంచిన అతీతవిశ్వాసమును అట్లు తిరస్కరించుటకు ఎంత ధైర్యము కావలయునో!

ధర్మాపేక్షయు శోకమును గాక మూడవ కారణమొకటి కలదు; అది అనిశ్చితి. మొదటి ప్రపంచయుద్ధకాలమున ట్రోబ్రియాండు ద్వీపములందు నివసించిన మానవశాస్త్రజ్ఞుడు మాలినోవ్స్కీ, అచ్చటి జాలరులు ఉప్పుకయ్యలోని నిశ్చలజలమున చేపలు పట్టునపుడు మంత్రతంత్రముల నాశ్రయింపక, ప్రాణాపాయముగల నడిసముద్రమునకు పోవునపుడు మాత్రమే వాని నాశ్రయించుచుండుట గమనించెను. పరీక్షరోజున ఒకే కలమును వాడు విద్యార్థియు, ఒకే చొక్కాతో మైదానమునకు దిగు ఆటగాడును, శస్త్రచికిత్సాలయపు వసారాలో వ్రేళ్లు మడచి లెక్కించుకొను తండ్రియు ఆ నడిసముద్రముననే యున్నారు. నాస్తికుడైనంతమాత్రమున ఎవనికిని అట్టి సముద్రము తప్పదు.

ఇక, విచారణకు తావీయక తటాలున పుట్టు భయములు కొన్ని కలవు. అమెరికాలో మనశ్శాస్త్రజ్ఞుడు పాల్ రోజిన్ 1986లో ప్రకటించిన పరీక్షలలో, రెండు సీసాలలోను పంచదారయే యున్నదని కన్నులార చూచి, విషమను చీటీని తమ చేతులతోనే ఒక దానికి అంటించినవారు సైతము, ఆ సీసాలోని పంచదార కలిపిన నీటిని త్రాగుటకు జంకిరి. బుద్ధి యెరుగును, చేయి వెనుదీయును. ఇటీవల ఇంగ్లండులోని కెంట్ విశ్వవిద్యాలయము ఆధ్వర్యమున బ్రెజిల్, చైనా, డెన్మార్కు, జపాన్, బ్రిటన్, అమెరికా దేశములందు జరిగిన అధ్యయనము 2019లో వెల్లడించినదియు ఇదే: దేవుని నమ్మనివారందరును తక్కిన అతీతవిషయముల నన్నింటిని నమ్మనివారు గారు.

హేతువాదోద్యమమునకు దీనివలన గొప్ప పని యేర్పడుచున్నది. 1940లో ముదునూరున నాస్తికకేంద్రమును స్థాపించి, 1947లో విజయవాడకు తరలించిన గోరాగారు, దేవుడు లేడని వాదించుటతో తృప్తిపడక, సహపంక్తి భోజనములు, కులాంతరవివాహములు జరిపించి, మనుష్యుల నడుమ నిలిచిరి; ఆయన స్థాపించిన కేంద్రమువారు నిప్పులపై నడచి, అందు మహిమ లేదని ప్రజలకు చూపిరి. నిప్పులపై నడచి చూపుట సాధ్యమే. బిడ్డను పోగొట్టుకొనిన తల్లికి, ఆ బిడ్డ మరల తన కడుపుననే పుట్టునని చెప్పు ఇరుగుపొరుగువారికంటె ఆదరముగా, అసత్యమాడకుండ, ఏమి చెప్పగలమో మనమింకను నేర్చుకొనలేదు. ఆమె నమ్మకమును ఖండించువారు చాలమంది యున్నారు. పదునొకండవ దినము గడచినపిమ్మట ఆమెయొద్ద కూర్చుండువారు తక్కువ.

జానపదవిజ్ఞానమున కృషిచేయు యువపరిశోధకులు ఈ సభలో పలువురున్నారు. భక్తుల నమ్మకములను మీరు ఊరూర సేకరించితిరి. గ్రామదేవతల జాతరలను వ్రాసియుంచితిరి. ఇకమీదట భక్తిలేని యిండ్లకును పోవుడు. కమ్యూనిస్టు కార్యకర్తల యిండ్లకు, విజ్ఞానశాస్త్రోపాధ్యాయుల యిండ్లకు, గుడి గడప తొక్కని రైతుల యిండ్లకు పోయి, వారు ఏ దినమున ప్రయాణము మానుదురో, పోయినవారి వస్తువులను ఏమి చేయుదురో, పీడకల వచ్చినపుడు ఎవరితో చెప్పుకొందురో అడుగుడు. ఎగతాళి సేయక అడిగినచో వారు చెప్పుదురు. వారి మాటలను వారి మాండలికముననే వ్రాసికొనుడు. రాబోవు సభనాటికి అట్టి సంపుటమొకటి మన యెదుట నుండవలెనని నా ప్రార్థన.